గీత మీద పడ్డ బంతి

దీనమ్మ టీచరు పాలకొల్లులోని మిషను బడిలో ముప్పై మూడేళ్ళు డ్రిల్లు చెప్పి రిటైరైంది. లెక్కలు చెప్పినవాళ్ళనీ సైన్సు చెప్పినవాళ్ళనీ పిల్లలు మరిచిపోతారేమో గానీ డ్రిల్లు టీచర్ని మాత్రం మరిచిపోరు. మిగతా పాఠాలు బుర్రలోకి వెళ్తాయి, అక్కణ్ణుంచి ఎటు పోతాయో ఎవరికీ తెలీదు. డ్రిల్లు కాళ్ళలోకి వెళ్తుంది, అక్కడే ఉండిపోతుంది. ఇప్పటికీ ఆవిడ కూరగాయల బజారులో బేరం కుదరక గొంతు పెంచిందంటే చుట్టుపక్కల నలభై దాటిన ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురైనా వెన్ను నిటారు చేసి నిలబడతారు. పాత విజిలు ఇంకా ఆవిడ హ్యాండుబ్యాగులోనే ఉంటుంది. ఎందుకండీ అని అడిగితే, గొడుగు ఎందుకు పెట్టుకుంటారో అందుకే అంటుంది.

బాల్ బ్యాడ్మింటనులో ఆవిడ మాటకి తిరుగులేదు. పసుప్పచ్చ ఉన్ని బంతి, చెక్క బ్యాటు, నేల మీద సున్నం గీత. ఆ గీత దగ్గర దీనమ్మ కూర్చుందంటే ఇక తగువు లేదు. గీత మీద పడ్డది లోపలే అన్నది ఆవిడ సిద్ధాంతం. అందరి పుస్తకాల్లోనూ ఆ మాటే ఉంటుంది గానీ, పుస్తకంలో ఉన్నదాన్ని సొంత బడి మీద ప్రయోగించే ధైర్యం అందరికీ ఉండదు. ఇరవయ్యేడేళ్ళ కిందట జోనల్ ఫైనల్లో రావలసిన అంపైరు జ్వరమొచ్చి రాలేదు. పాలకొల్లు ఆడపిల్లలకీ నరసాపురం ఆడపిల్లలకీ ఆట. దీనమ్మగారైతే మాకు అభ్యంతరం లేదని అవతలి బడివాళ్ళే అన్నారు. చివరి పాయింటు దగ్గర నరసాపురం పిల్ల కొట్టిన బంతి వచ్చి మనవాళ్ళ వెనక గీత అంచున పడింది. మైదానమంతా అవుట్ అని అరిచింది. దీనమ్మ చెయ్యి మాత్రం కిందికి చూపించింది, లోపలే అని. కప్పు నరసాపురం బస్సెక్కింది. ప్రధానోపాధ్యాయిని మూడు నెలలు దీనమ్మతో మాట్లాడలేదు.

ఆ రోజు జట్టు కెప్టెను కృపారాణి. పదో తరగతి పిల్ల. బ్యాటు పారేసి, గ్రౌండు మధ్యలో కూర్చుని ఏడ్చింది. అదే కృపారాణి ఇప్పుడు మండలాఫీసులో గుమస్తా, చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శి. ఎదురుపడితే నమస్కారం టీచరుగారూ అంటుంది, కుర్చీ వేస్తుంది, తన పెళ్ళికి మొదటి కార్డు తెచ్చిచ్చింది. అయినా ఆ బంతిని మాత్రం మరిచిపోలేదు. ఏడాదికొకసారైనా ఏదో వంకన ఎత్తుతుంది.

ఇక దీనమ్మకి ప్రాణస్నేహితురాలు వెంకటదుర్గ. కోరుకొండ దగ్గర రైతుల ఇంటి ఆడపడుచు, ఆ పక్క ఊళ్ళోనే కోడలైంది, ఇప్పుడు రాజమండ్రిలో కొడుకూ కోడలి దగ్గర ఉంటోంది. పెళ్ళిళ్ళకి ముందు వీళ్ళిద్దరూ జిల్లా తరఫున జంటగా ఆడేవారు. ఒకరు చర్చికి, ఒకరు నరసింహస్వామి కొండకి వెళ్ళి మొక్కుకుని మరీ ఆటకి దిగేవారు, రెండు వైపుల నుంచీ సాయం వస్తే మంచిదే కదా అని. దీనమ్మ గొంతెత్తకుండా ఆడేది. దుర్గ సగం ఆట బంతితో, సగం అంపైరుతో ఆడేది. తీర్పు నచ్చకపోతే ఎక్కడున్నా సరే గీత దాకా నడిచి వెళ్ళి, బంతి పడిన చోట వేలు పెట్టి చూపిస్తే గానీ ఆవిడకి తృప్తి ఉండేది కాదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు కాదు, ఆవిడ బాగా ఆడేది కూడా. కానీ పోట్లాట లేని ఆట ఆవిడకి ఉప్పు లేని కూర.

ఇలా బతుకంతా ఆటతో గడిచిన దీనమ్మకి అరవై దాటాక మోకాళ్ళు మొరాయించాయి. బ్యాటు అటక ఎక్కింది. ఆడినన్నాళ్ళు ఆడాంలే అంది. కానీ సాయంత్రం నాలుగున్నరకి, బడిలో ఆటల గంట కొట్టే వేళకి, ఆవిడ ఇంట్లో ఎక్కడా కుదురుగా కూర్చునేది కాదని భర్త రాజరత్నం గమనించాడు. ఆయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. నెమ్మదస్తుడు, వెటకారం మాత్రం పుట్టుకతో వచ్చింది.

కిందటి క్రిస్మసుకి వాళ్ళ కొడుకు ప్రేమ్ కుమార్ తన కూతురు ఆశాజ్యోతి కోసం రాజమండ్రి నుంచి ఒక ఆట మిషను తెచ్చాడు. అరచెయ్యి కన్నా కాస్త పెద్ద తెర, దానికి రెండు వైపులా ఊడదీసుకునే రెండు చిన్న పిడులు. టీవీ పక్కన ఒక స్టాండు పెట్టి మిషనుని అందులో దింపితే ఆట టీవీలో కనిపిస్తుంది. స్టాండులోంచి తీసేస్తే అదే ఆట చేతిలో తెర మీద కనిపిస్తుంది. కొట్టువాడు దీన్ని హైబ్రిడ్ అంటారని చెప్పాడట. హైబ్రిడ్ అంటే వరి, టమాటా తప్ప ఇంకోటి ఎరగని రాజరత్నం, అయితే దీనికి ఎరువు ఏం వెయ్యాలో కూడా అడిగావా అన్నాడు.

దీనమ్మ మొదటి వారం దానివంక చూడలేదు. కూర్చుని ఆడేది ఆటే కాదు పొమ్మంది. రెండో వారం ఆశాజ్యోతి నానమ్మ చేతిలో పిడి పెట్టి, టెన్నిసు ఆట తీసి, ఒక్కసారి బ్యాటులా ఊపమంది. దీనమ్మ ఊపింది. టీవీలో బొమ్మ బంతిని కొట్టింది. ఇంకోసారి ఊపింది. నలభై ఏళ్ళ కిందటి మణికట్టు తిప్పుడు తన చేతిలో ఇంకా ఉందని ఆవిడకి తెలిసిపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంకోసారి పెట్టవే అని మాత్రం అంది.

అది మొదలు. రోజూ నాలుగున్నరకి చీర కొంగు నడుముకి దోపి, టీవీ ముందు నిలబడి ఆడటమే. పరుగులు పెట్టక్కర్లేదు కాబట్టి మోకాళ్ళు అడ్డుచెప్పలేదు. రెండు నెలల్లో ఒక గాజు గ్లాసు పగిలింది, గోడ మీద పెళ్ళి ఫోటో ఒకసారి కింద పడింది. పక్కింటి పెద్దిరాజుగారు ప్రహరీ మీంచి తొంగిచూసి, అంతా క్షేమమేనా రాజరత్నంగారూ అని మెల్లగా పలకరించి వెళ్ళాడు.

అప్పుడొచ్చింది శ్రమకాలం. ఈస్టరుకి ముందు ఆ నలభై రోజులూ వాళ్ళ చర్చి స్త్రీల సమాజంలో ఒక పద్ధతి ఉంది. మొదటి రోజు, భస్మ బుధవారం నాడు ఒక్కొక్కరూ లేచి, ఈ నలభై రోజులూ తాము ఏం మానేస్తున్నారో అందరి ముందూ చెప్పాలి. కార్యదర్శి పుస్తకంలో రాసుకుంటుంది. ఈస్టరు తెల్లవారుజామున ఆరాధన అయ్యాక పుస్తకం తీసి పేర్లు చదువుతుంది. మాట నిలబెట్టుకున్నవాళ్ళు "నిలిచింది" అని పలుకుతారు. లేనివాళ్ళు తల దించుకుని పైటకొంగు సర్దుకుంటారు. ఈసారి పాస్టరు ఐజాక్ అయ్యగారు ఒక మెలిక పెట్టాడు. ఇంట్లో పెట్టుకున్న వినోదాల్లో ఒకటి తప్పకుండా మూసెయ్యాలన్నాడు. చేతిలో పట్టుకుని తిరిగే ఫోన్ల లాంటివి పనికీ అవసరమే కాబట్టి వాటిని ఎవరి మనస్సాక్షికి వాళ్ళకే వదిలేస్తున్నానన్నాడు. ఇంటివన్నీ ఒక పేజీ, చేతివన్నీ ఇంకో పేజీ రాసింది కృపారాణి.

దీనమ్మ లేచి, ఎప్పట్లాగే కాఫీ మానేస్తున్నానంది. కాఫీ మీకు డాక్టరుగారు కిందటేడే మానిపించేశారు కదండీ అంది కృపారాణి, తల పుస్తకంలోంచి ఎత్తకుండానే. ఆడవాళ్ళంతా ముసిముసిగా నవ్వారు. దీనమ్మకి ఒళ్ళు మండింది. అంతే, తాను దేనికి ప్రాణం పెడుతోందో దాన్నే తీసి అందరి ముందూ పెట్టేసింది. ఇంట్లో టీవీ ముందు ఆడే ఆట ఈస్టరు దాకా ఆడను, రాసుకో అంది. కృపారాణి ఇంటి పేజీలో రాసుకుంది.

రెండు వారాలు ఎలాగో గడిచాయి. నాలుగున్నరయ్యేసరికి దీనమ్మ అల్మరాలు సర్దేది. సర్దిన అల్మరానే మళ్ళీ సర్దేది. నలభై రోజులు పూర్తయ్యేలోపు ఇంట్లో నా చొక్కాలన్నీ అరిగిపోతాయి అన్నాడు రాజరత్నం.

మూడో వారంలో రాజమండ్రి నుంచి ఫోనొచ్చింది. దుర్గ కోడలు సత్యశ్రీ. అత్తయ్యగారికి రెండు మోకాళ్ళకీ ఆపరేషనైంది, బాగానే జరిగింది, కానీ మంచం దిగడం లేదని చెప్పింది. వ్యాయామం చేయించడానికి వచ్చిన అబ్బాయిని రెండుసార్లు తిట్టి పంపేసిందట. ఈ నెల దాటితే కీళ్ళు బిగుసుకుపోతాయి, తరవాత ఎవరూ ఏమీ చెయ్యలేరని డాక్టరుగారు గట్టిగానే చెప్పాడట. ఎవరి మాటా వినటం లేదండీ, మీరొకసారి రండి అంటూ ఆ పిల్ల ఏడ్చింది.

దీనమ్మ మర్నాడే బస్సెక్కి వెళ్ళింది. వెనక గదిలో మంచం మీద, నిండా దుప్పటి కప్పుకుని పడుకున్న దుర్గని చూస్తే ఆవిడ గుండె చెరువైంది. జిల్లా గ్రౌండులో అంపైర్లని గడగడలాడించిన మనిషి, గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. దీనమ్మ బతిమాలింది, కసిరింది, విజిలు కూడా ఊదింది. దుర్గ కదల్లేదు. లేచి ఎక్కడికెళ్ళాలి, ఏం ఆడాలి అంది నీరసంగా. అప్పుడు ఏం చెప్పాలో తెలీక దీనమ్మ తన ఆట మిషను సంగతి చెప్పుకొచ్చింది. మణికట్టు తిప్పుడు ఇంకా పోలేదని, రెండు నెలలుగా ఎవరికీ చెప్పని ఆ మాట, దుర్గకి చెప్పింది. దుర్గ మెల్లగా ఇటు తిరిగింది.

"తీసుకురావే దాన్ని. నువ్వొచ్చి ఆడితే లేచి ఆడతాను," అంది. "ఈ పిల్లలతో కాదు, నీతో."

సరేనని చెప్పి బస్సెక్కాక గానీ దీనమ్మకి తన మాట గుర్తు రాలేదు. ముందుకెళ్తే నుయ్యి, వెనక్కెళ్తే గొయ్యి. ఈస్టరు దాకా ఆగుదామంటే దుర్గ కాళ్ళు ఆగవు. ఆడేద్దామంటే నలభై మంది ముందు ఇచ్చిన మాట ఉంది. బతుకంతా పిల్లలకి నియమం నేర్పి, ఇప్పుడు ఈస్టరు పొద్దున తల దించుకుని పైటకొంగు సర్దుకోవడమంటే ఆవిడకి చావుతో సమానం.

ఆ సాయంత్రం ఇంట్లో పంచాయితీ పెట్టింది. మిషను భోజనాల బల్ల మీద పెట్టి, ఇది ఇంటి వస్తువా, చేతి వస్తువా చెప్పండి అంది. చేతిదైతే కృపారాణి రాసిన పేజీలోకి రాదు, ఆడొచ్చు. ఇంటిదైతే కుదరదు. ఆశాజ్యోతి క్షణం ఆలోచించలేదు. ఇది పుట్టుకతోనే చేతిది, ఆటంతా ఈ తెరలోనే ఉంది, స్టాండు ఊరికే ఒక డబ్బా, దాన్ని పారేసినా ఆట ఆగదు అంది. ప్రేమ్ కుమార్ ఒప్పుకోలేదు. క్రిస్మసు నుంచీ ఇది ఎన్నిసార్లు గుమ్మం దాటిందో చెప్పమన్నాడు. ఒక్కసారీ దాటలేదు. గుమ్మం దాటని వస్తువు ఇంటిది కాక ఏమవుతుందన్నాడు. మరి నేను బాత్రూము పక్కన కూర్చుని ఆడానుగా నాన్నా అని పిల్ల ఎదురు చెప్పింది. అదీ ఇంట్లోదేగా అన్నాడు తండ్రి. రాజరత్నం ఇద్దరి మాటా విని, ఇది గోడ మీద పిల్లి, మీరు ఎటు పిలిస్తే అటు దూకుతుంది అని తేల్చేశాడు.

దీనమ్మకి మనవరాలి మాటే నచ్చింది. ఎంత నచ్చిందంటే, అప్పుడే సంచీ సర్దుకోవాలనిపించింది. అలా అనిపించడమే ఆవిడకి అనుమానమైంది. ఆడేవాళ్ళు అంపైరింగు చెయ్యకూడదు. తన బంతి లోపల పడిందో బయట పడిందో తానే చెప్పుకుంటే దాన్ని ఆట అనరు.

అయ్యగారిని అడిగెయ్యరాదూ, రోగి కోసమంటే ఆయన కాదంటాడా అన్నాడు రాజరత్నం.

"అందుకే ఆయన్ని అడగను," అంది దీనమ్మ. "ఆయన జాలిపడతాడు. జాలిపడే అంపైరు నాకొద్దండీ."

తన మీద ఇసుమంతైనా జాలి లేని మనిషి ఊళ్ళో ఎవరా అని ఆలోచిస్తే ఒక్కతే కనిపించింది. మర్నాడు గృహప్రార్థన కృపారాణి ఇంట్లోనే. ప్రార్థనయ్యి అందరూ మజ్జిగ తాగి వెళ్ళాక, దీనమ్మ సంచీలోంచి మిషనూ స్టాండూ తీసి కృపారాణి ముందు పెట్టింది. దుర్గ సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే మొగ్గుతుందేమోనని. ఇది ఇంటిదా చేతిదా, నువ్వే చెప్పు, నువ్వేం చెబితే అదే అంది.

కృపారాణి నవ్వలేదు. మండలాఫీసులో దరఖాస్తు చూసినంత శ్రద్ధగా చూసింది. స్టాండులో పెట్టి తన ఇంటి టీవీలో చూసింది. తీసి చేతిలో చూసింది. పిడులు ఊడదీసింది, తగిలించింది. రెండుసార్లు గుమ్మం దాకా నడిచి వెళ్ళి వచ్చింది, అది చేతిలో ఆడుతూనే ఉంది. పది నిమిషాలు పట్టింది. దీనమ్మ చేతులు కట్టుకుని, తీర్పు కోసం ఎదురుచూసే కెప్టెన్లా నిలబడింది.

"ఇది అటూ కాదు ఇటూ కాదండీ టీచరుగారూ. అటూ అవును, ఇటూ అవును," అంది చివరికి కృపారాణి. "సరిగ్గా గీత మీద పడింది. గీత మీద పడ్డది లోపలే కదండీ? మీరే చెప్పారు. ఇది ఇంటి పేజీలోకే వస్తుంది. మీరు ఆడకూడదు."

దీనమ్మ ముఖం వాడిపోయింది. కానీ తప్పు పట్టడానికి ఆ తీర్పులో ఏమీ లేదు. తాను ముప్పై మూడేళ్ళు నేర్పిన పాఠమే, అక్షరం పొల్లుపోకుండా తనకి ఒప్పజెప్పింది. దుఃఖంతో పాటు కాస్త గర్వం కూడా కలిగింది. కరెక్టేనమ్మా అని మిషను సంచీలో పెట్టుకుంది. చెప్పులేసుకుంటూ ఉండగా కృపారాణి, ఇంతకీ ఎందుకడిగారండీ అంది. తీర్పు అయిపోయింది కదా, ఇక చెప్పినా ఫరవాలేదని దీనమ్మ దుర్గ సంగతంతా చెప్పింది. చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకుంది.

కృపారాణి దీనమ్మ చేతిలోని సంచీ వంక చూసింది. తరవాత, మీరు ఆడకూడదన్నాను గానీ మిషను రాజమండ్రి వెళ్ళకూడదని నేను అన్లేదు కదండీ అంది. నేను మానేసింది టీవీలో సీరియళ్ళు, ఆట కాదు, శనివారం ఆఫీసు సెలవు, నేనొచ్చి ఆడతాను అంది. మరి నేనేం చెయ్యను అంది దీనమ్మ. మీరు చేసేదే చెయ్యండి, విజిలు ఉందిగా అంది కృపారాణి.

శనివారం ఇద్దరూ బస్సెక్కారు. మిషను దీనమ్మ ఒళ్ళో, చేతిసంచీలో బుద్ధిగా కూర్చుని రెండు వంతెనలు దాటింది. దుర్గ ఇంట్లో ముందరి హాల్లో టీవీ ఉంది, దుర్గ మంచం వెనక గదిలో ఉంది. అందుకని గది చివర గోడ దగ్గర స్టూలు వేసి, దాని మీద మిషనుని వెనక ఉన్న చిన్న కాలు మీద నిలబెట్టారు. మంచానికీ స్టూలుకీ మధ్య ఆరడుగులు. ఒక పిడి దుర్గ చేతికి, ఒక పిడి కృపారాణి చేతికి.

నువ్వు ఆడతానన్నావుగా అని దుర్గ కళ్ళెర్రజేసింది. ఈస్టరు దాకా ఆడకూడదు, అంపైరుగా వచ్చానంది దీనమ్మ. దుర్గ ముఖం ముడుచుకుంది గానీ, మణికట్టు సంగతి విన్నప్పట్నుంచీ ఆవిడకి చెయ్యి దురద పెడుతోంది. సరే కానివ్వండి, నేను మాత్రం లేవను అని దిండుకి ఆనుకుని కూర్చుంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం.

కూర్చునే ఆడింది. ఆట తెలిశాక చకచకా ఆడింది. బుగ్గల్లోకి రంగొచ్చింది, నోట్లోకి తిట్లొచ్చాయి. కృపారాణి నిజంగానే చెమటలు కక్కింది. గుమ్మంలో నిలబడ్డ సత్యశ్రీ మురిసిపోయింది. దీనమ్మకి మాత్రం లోపల బెంగ పెరిగింది. గంట గడిచింది, దుర్గ కాలు నేల మీద పెట్టలేదు. కూర్చుని ఆడితే చేతులకి వ్యాయామం, కాళ్ళకి కాదు. లేచి ఆడవే అంటే, కూర్చునే గెలుస్తున్నాను కదా, లేవడమెందుకంది దుర్గ.

చివరి ఆట. ఇద్దరికీ సమానం. దుర్గ పిడిని అడ్డంగా తిప్పి కొట్టింది. అదే, పాత తిప్పుడు. తెర మీద బంతి కృపారాణి బొమ్మని దాటుకుని వెళ్ళి వెనక గీత మీద పడింది. దీనమ్మ స్టూలు పక్కనే కూర్చుని ఉంది. గీత మీద పడటం స్పష్టంగా చూసింది. అప్పుడావిడ బతుకులో ఎప్పుడూ చెయ్యని పని చేసింది. విజిలు గట్టిగా ఊదింది. విజిలు వినిపిస్తే ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలన్నది కృపారాణి కాళ్ళలో ఇంకా ఉంది కదా, ఆ క్షణంలోనే ఆట ఆపే బటను నొక్కేసింది. తెర మీద బంతి గీత మీదే బొమ్మలా నిలిచిపోయింది.

"అవుట్," అంది దీనమ్మ.

అదేంటే, గీత మీద పడింది కదా అంది దుర్గ. అవుటన్నాను, అవుటే, అంది దీనమ్మ. కళ్ళజోడు పెట్టుకుని చూడవే అంది దుర్గ. పెట్టుకునే చూశాను, నువ్వే అక్కడ కూర్చుని ఏం చూస్తావు, ఆట కృపారాణిది అంది దీనమ్మ. కృపారాణి తెర మీది బంతి వంకే చూసింది.

దుర్గ దుప్పటి విసిరికొట్టింది. రెండు కాళ్ళూ కిందికి దింపింది. మంచం కోడు పట్టుకుని లేచింది, పట్టు వదిలేసింది. సత్యశ్రీ ముందుకి రాబోతే దీనమ్మ చెయ్యి అడ్డుపెట్టి ఆపింది. ఒక అడుగు. పళ్ళు బిగబట్టి ఇంకో అడుగు. అమ్మా అని మూలిగి, ఆ మూలుగుతోనే ఒక తిట్టు తిట్టి, ఇంకో రెండడుగులు. స్టూలు దాకా వచ్చి, ఒక చెయ్యి గోడకి ఆనించి, రెండో చేతి వేలు తీసుకెళ్ళి తెర మీద సరిగ్గా బంతి దగ్గర పెట్టింది.

"ఇదేంటి? ఇది గీత కాదా? నువ్వేం అంపైరువే!"

దీనమ్మ తెర వంక చూడలేదు, దుర్గ కాళ్ళ వంక చూసింది. కళ్ళ నిండా నీళ్ళొచ్చేశాయి. అప్పుడు చూసుకుంది దుర్గ తన కాళ్ళ వంక. కాసేపు అలాగే చూసింది. తరవాత దీనమ్మ వంక చూసింది. నీ దుంపతెగ అని ఒక్క మాట అని, పోట్లాటకి మిగిలిన బలమంతా నవ్వులోకి మళ్ళించింది. నవ్వుతూనే, ఈ మిషను ఇక్కడే వదిలి వెళ్ళండి, స్టూలు ఇంకో నాలుగడుగులు దూరం జరపండి, ఈసారి నిలబడే ఓడిస్తాను, అంపైరు మాత్రం నాకొద్దు అంది. ఆశాజ్యోతికి ఎలాగూ పరీక్షలే కాబట్టి ఈస్టరు దాకా మిషను దుర్గ దగ్గరే ఉండిపోయింది. అదీ ఇంకో ఇల్లేగా అని రాజరత్నం తరవాత అన్నాడు.

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. దీనమ్మ సంచీ తేలికైంది, మనసు మాత్రం రెండు ముక్కలుగా ఉంది. దుర్గ లేచింది, దేవుడికి స్తోత్రం. మాట కూడా నిలిచింది, ఈస్టరు పొద్దున తల ఎత్తుకునే నిలిచింది అనొచ్చు. కానీ ముప్పై మూడేళ్ళు ఒక్క తప్పుడు తీర్పు ఇవ్వని చెయ్యి ఇవాళ ఇచ్చింది. కంచే చేను మేసింది. బస్సు సిద్ధాంతం ఊరి దగ్గరి వంతెన మీదికొచ్చింది. కిటికీలోంచి గోదావరి గాలి మొహాన కొట్టింది.

"టీచరుగారూ," అంది కృపారాణి బయటికి చూస్తూనే, "ఆ బంతి గీత మీద పడిందండీ."

"తెలుసమ్మా."

కృపారాణి తిరిగి చూసింది. గొంతులో పదో తరగతి పిల్ల పలికింది. "మరి ఆవేళ నాకు ఇవ్వలేదు కదండీ మీరు, అలాంటి అవుటు. ఒక్కటి. ఒక్కటిచ్చుంటే కప్పు మనదే కదండీ."

దీనమ్మ ఆ పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. నలభై దాటిన చెయ్యి, అయినా బ్యాటు పట్టిన కాయ ఇంకా ఉన్నట్టే అనిపించింది.

"నీకెందుకివ్వాలే?" అంది. "నువ్వు నీ కాళ్ళ మీద నువ్వు నిలబడే ఉన్నావు కదా."

కృపారాణి కిటికీ వైపు తిరిగింది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. వంతెన దాటి, పెనుగొండ దాటి, పాలకొల్లు బస్టాండులో దిగేదాకా అలాగే ఉంచింది. ఆ తరవాత ఆ బంతి ఊసు మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.